బూరుగుకి నేర్పిన శుభ్రం

సత్తెనపల్లిలో మార్కెట్ యార్డుకి పోయే రోడ్డు మీద బుడే సాహెబ్ పరుపుల కొట్టు ఎవరినడిగినా చూపిస్తారు. ముందు కొట్టు, మధ్యలో దూదేకే మిషను, దాని వెనక రేకుల వసారా, ఆ వెనక రెండు గదుల ఇల్లు. కూతురు నజ్మీన్‌ని చీరాల ఇచ్చాక ఆ ఇంట్లో మిగిలింది బుడే, ఆయన భార్య ఫాతిమా. ఫోము పరుపులు వచ్చి బేరాలు తగ్గిన మాట నిజమే గానీ, నడుం నొప్పులవాళ్ళూ, పెళ్ళికి దూది పరుపే పెట్టాలని పట్టుబట్టేవాళ్ళూ ఇంకా వస్తూనే ఉన్నారు. బుడే చెయ్యి మంచిదని పేరు. ఆయనకున్న ఇబ్బందల్లా ఒకటే, ఎవరన్నా ఏదన్నా అడిగితే కుదరదనడం రాదు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయేది.

పత్తి తీతలు జోరుగా ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం, పక్క కొట్టు కోటేషు ఇనప తీగల బోనొకటి రెండు చేతులా మోసుకొచ్చి మిషను పక్కన దించాడు. కోటేషుది సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు. నిరుడే పెళ్ళయింది. బోనులో ఒక మూలకి ఒదిగి కుక్కపిల్ల ఉంది. గింజ తీయని పత్తి రంగు, వేలాడే చెవులు, ఒంటికి మించిన పాదాలు.

"బాబాయ్, నాలుగు రోజులు దీన్ని నీ దగ్గర ఉంచుకోవాలి," అన్నాడు కోటేషు.

"ఏందిరా ఇది?"

"ల్యాబ్రడార్ పిల్ల. గుంటూరులో షాపులో కొన్నా. పేరు బ్రూనో. అఖిలకి ఏడో నెల గదా, దీని కంపుకి పొద్దస్తమానం వాంతులు. వాళ్ళమ్మ వచ్చి పర్చూరు తీసుకెళ్తోంది. నేనూ ఇక్కడికీ అక్కడికీ తిరగాలి."

"కంపేందిరా, కడగొచ్చుగా?"

కోటేషు తల గోక్కున్నాడు. "ఎంత కడిగినా బోనులోనే పోసిద్ది బాబాయ్. రెండూ అందులోనే. మళ్ళీ దాంట్లోనే పడుకునుద్ది. అఖిల ఒకటే మాట చెప్పింది. నేను బిడ్డనెత్తుకుని తిరిగొచ్చేసరికి ఇది బోను పాడు చెయ్యడం మానితే ఇంట్లోకి రానిస్తా, లేకపోతే దీన్నీ నిన్నూ బయటే ఉంచుతా అంది."

కుక్కపిల్ల లేచి వచ్చి తీగల సందులోంచి మూతి బయటపెట్టి బుడే బొటనవేలు నాకింది. ఆ వేలిని బుడే వెనక్కి తీసుకోలేకపోయాడు. కోటేషు అప్పటికే బండి తాళం తిప్పుతున్నాడు.

వసారా గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన ఫాతిమా, కోటేషు వెళ్ళేదాకా ఆగింది.

"ఏందయ్యా నువ్వు? రేపెవరన్నా ఏనుగుని తెచ్చి కట్టేస్తానన్నా సరేనంటావా?"

"నాలుగు రోజులే అన్నాడుగా."

"నమాజు చేసుకునే ఇల్లిది. అది ఈ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. దాన్ని తాకిన బట్టల్తో నువ్వూ రాకూడదు. చెప్తున్నా."

"సరే."

"కడిగేది నేను కాదు."

"సరే."

ఆ రాత్రి బోను వసారాలో పెట్టారు. చలికాలం, బోను అడుగున రేకు పళ్ళెం చల్లగా ఉంది. పసిది ఎట్టా పడుకుంటుందని బుడేకి మనసొప్పలేదు. మిగిలిన చారల గుడ్డముక్క తీసి, ఏకిన దూది రెండు దోసిళ్ళు కూరి, దబ్బనంతో నాలుగు కుట్లు వేసి బోనుకి సరిపడా చిన్న పరుపు కుట్టాడు. కుక్కపిల్ల దాని మీద మూడు చుట్లు తిరిగి ముడుచుకుంది. బ్రూనో అన్న పేరు ఆయన నోటికి తిరగలేదు. బూరుగు దూదిలా మెత్తగా ఉంది గదా అని బూరుగు అన్నాడు. ఆ పేరే ఖాయమైంది.

తెల్లవారి లేచి చూస్తే పరుపు తడిసి ముద్దయింది. ఒక మూల దొడ్డికి కూడా వెళ్ళి ఉంది. దాంట్లోనే అటూ ఇటూ తొక్కింది కాబోలు, పాదాలకీ పొట్టకీ అంతా అదే. బుడేని చూసి తోకాడించింది. ఆ తోకకీ అదే.

బుడే దాన్ని కడిగాడు, బోను కడిగాడు, వసారా కడిగాడు, తను తలారా స్నానం చేశాడు. అప్పటికి మసీదులో నమాజు అయిపోయి జనం ఇళ్ళకి మళ్ళుతున్నారు.

పరుపు మాత్రం పారెయ్యబుద్ధి కాలేదు. కుట్లు విప్పి, దూది తీసి, సబ్బునీళ్ళలో పిండి రేకుల మీద ఆరేశాడు. తడిసిన దూది పట్టాన ఆరదు, ఆరినా గడ్డలు కడుతుంది. దాన్ని మిషనులో వేస్తే గిరాకీల దూదికి వాసన పడుతుందని, కూచుని చేత్తోనే విప్పాడు. సాయంత్రానికి మళ్ళీ కుట్టాడు. మర్నాడు పొద్దున మళ్ళీ తడిసింది.

అట్టా మొదలైంది. నాలుగు రోజులన్నవి వారాలయ్యాయి.

వెనక సందు దాటితే ఎవరిదో ఖాళీ స్థలం ఉంది. నల్లరేగడి నేల, నిండా వయ్యారిభామ మొక్కలు. పొద్దున లేవగానే, తిండి పెట్టగానే, నిద్ర లేచినప్పుడల్లా బుడే బూరుగుని ఎత్తుకుని అక్కడికి తీసుకెళ్ళేవాడు. అది ప్రతి మొక్కనీ వాసన చూసేది. సీతాకోకచిలకని తరిమేది. బుడే లుంగీ అంచు పట్టుకుని లాగేది. చెయ్యాల్సిన పని తప్ప అన్నీ చేసేది. కాళ్ళు పీకేదాకా నిలబడి, ఇక దానికి అక్కర్లేదేమోననుకుని తిరిగి తెచ్చి బోనులో పెడితే, తలుపు వెయ్యకముందే వంగి పోసేది. ఇన్నాళ్ళకి సొంత చోటుకి చేరానన్నంత తృప్తి దాని మొహంలో.

"నిన్నేం చెయ్యాలే తల్లీ," అనేవాడు బుడే, అది మగదని తెలిసి కూడా.

కొట్టుకొచ్చేవాళ్ళు తలా ఒక సలహా చెప్పారు. కాగితం పరవమని ఒకరు. నీళ్ళు మాన్పించమని ఒకరు. దిండ్లు కుట్టించుకోవడానికొచ్చిన ఒక పెద్దమనిషి మాత్రం గట్టిగా చెప్పాడు. "మూతి తీసుకెళ్ళి దాంట్లో రుద్దు బుడే. ఒక్కసారి రుద్దితే జన్మలో చెయ్యదు."

మర్నాడు పొద్దున బుడే అదే చేశాడు. కుక్కపిల్ల కీచుమంది. కాళ్ళు నాలుగూ అటూ ఇటూ కొట్టుకుంది. వదిలాక మిషను కిందికి దూరి, ఎంత పిలిచినా రాలేదు.

దాని ఫలితం ఆ మధ్యాహ్నమే తెలిసింది. బుడే అడుగుల చప్పుడు వినబడగానే బూరుగు మూలకి నక్కి, భయంతో అక్కడికక్కడే పోసుకుంది. అంతకుముందు తోకాడిస్తూ చేసే పని ఇప్పుడు వణుకుతూ చేసింది.

ఫాతిమా గుమ్మంలోంచి చూసింది. "ఏం చేశావు దాన్ని?"

బుడే చెప్పాడు.

"సిగ్గు లేదా నీకు? నజ్మీన్ పక్క తడిపితే ఇట్టాగే రుద్దావా? ఒక్క పూట అన్నా దాని మీద కోప్పడ్డావా? నోరులేని దానికి నువ్వు దేనికి రుద్దావో ఏం తెలిసిద్ది?"

ఆ రోజు దబ్బనం రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. కుక్కపిల్ల మళ్ళీ ఆయన చేతిలోంచి తిండి తినడానికి చాలా రోజులు పట్టింది. అన్నం గిన్నె ముందు పెట్టి ఆయన ఎడంగా వెళ్ళి గోడవైపు తిరిగి కూచుంటే గానీ అది ముట్టేది కాదు.

చివరికి దాన్ని సంచిలో కూచోబెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ గేదెలు, దూడలు, ఒక పొట్టేలు. వాటి మధ్య సంచి పట్టుకుని నిలబడితే అందరూ వింతగా చూశారు. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. కుక్కపిల్ల పొట్ట నొక్కి చూసింది, ఉచ్చ పరీక్ష చేయించింది.

"జబ్బేం లేదండీ. షాపులో ఎన్నాళ్ళున్నదిది?"

"తెలవదమ్మా. కొన్నప్పటికి రెండు నెలలదంట."

"అదే. మామూలుగా కుక్కపిల్ల పడుకున్న చోట పాడుచెయ్యదు. తల్లి దగ్గరున్నప్పుడే నేర్చుకునుద్ది. దీన్ని తల్లినించి తొందరగా తీసేసి షాపు బోనులో పడేసుంటారు. తినేదీ పడుకునేదీ పోసేదీ అన్నీ ఒక్కచోటే. బోనంటే దానికి దొడ్డే. మీరు లోపల ఏం వేస్తున్నారు?"

"పరుపమ్మా. దూదిది. నేనే కుట్టా."

డాక్టరమ్మ కొంచెం తటపటాయించింది. "తీసెయ్యండి. పోసిందల్లా అది పీల్చేస్తుంటే దానికి తడి తెలియదు. పోసుకోవడానికి అంతకంటే సుఖమైన చోటేముంటది? బోను కూడా దానికి పెద్దదై ఉంటది. సగానికి చెక్క అడ్డం పెట్టండి, తిరిగి పడుకునే చోటు మాత్రం ఉంచండి. బయట చేసినప్పుడు వెంటనే ఏదన్నా పెట్టండి. లోపల చేస్తే తిట్టొద్దు, కొట్టొద్దు."

"ఎన్నాళ్ళకి నేర్చుకునుద్దమ్మా?"

"చెప్పలేనండీ. కొన్ని నెలకి నేర్చుకుంటాయి. ఇట్టా పెరిగినవి కొన్ని అసలు నేర్చుకోవు."

ఇంటికొచ్చి బుడే పరుపు తీసేశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరికీ పరుపులు కుట్టిన మనిషి, పసిదాన్ని ఒట్టి గోనెపట్టా మీద పడుకోబెట్టాడు. అది పరుపు కోసం బోనంతా వెతికింది. వాసన చూసుకుంటూ రెండు మూడుసార్లు తిరిగి, బుడే వంక చూసి మూలిగింది. ఆ మూలుగుకి ఆయన కొట్టులోకి వెళ్ళిపోయి తలుపు వేసుకున్నాడు.

పరుపు తీసినంత మాత్రాన మారలేదు. గోనెపట్టా తడిసింది, చెక్క తడిసింది. ఒకరోజు పొడిగా ఉంటే రెండు రోజులు తడి. బుడే రోజూ అదే స్థలానికి, అదే చింపిరి మొక్కల మధ్యకి వెళ్ళి నిలబడేవాడు. "కానియ్ నాయనా, కానియ్," అంటూ బతిమాలేవాడు. దారినపోయేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆయనకది పట్టేది కాదు. మరేం చెయ్యాలో ఆయనకి తెలియదు, తెలిసిందల్లా చేస్తూనే ఉన్నాడు.

ఒకరోజు తెల్లారుజామున జల్లు పడింది. నేల మెత్తగా, నల్లగా నానింది. బూరుగు ఆ మట్టిని వాసన చూసింది. గుండ్రంగా తిరిగింది. ఇంకోసారి తిరిగింది. వంగింది.

బుడే జేబులో బిస్కెట్టు తడుముకున్నాడు. అయిపోయాక మోకాళ్ళ మీద మట్టిలోనే కూలబడి, జేబులో పొడిపొడి అయిన బిస్కెట్టంతా దాని నోటికి అందించి, "నా బంగారం, నా తండ్రి," అని దాని చెవులు నిమిరాడు. చాలా రోజుల తర్వాత అది ఆయన గడ్డం నాకింది.

ఇంటికొచ్చి గుమ్మం బయటినించే కేకేశాడు. "ఫాతిమా! బయట పోసింది!"

"మెల్లగా చెప్పు. వీధంతా వినపడాలా?" అంది ఫాతిమా. కానీ ఆ పూట తన టీ పక్కన పెట్టి, పాలు చిన్న మట్టిమూకుట్లో పోసి గుమ్మం బయట నేల మీద పెట్టింది.

ఆ తర్వాత కూడా తప్పులు జరిగాయి. కానీ ఒక సంగతి ఫాతిమాయే కనిపెట్టింది. పొయ్యి దగ్గర కూచున్నా ఆమె చెవి వసారాలోనే ఉండేది. ఒకనాడు లోపలినించి అరిచింది. "లేవయ్యా! బోను తలుపు గీకుతోంది. నిన్న కూడా పోసేముందు ఇట్టాగే గీకింది." బుడే చేతిలో పని పడేసి పరిగెత్తాడు. అది నిజమే. ఆనాటినించీ గీకుడు వినపడితే ఇద్దరిలో ఎవరో ఒకరు కేక పెట్టేవాళ్ళు. ఫాతిమా దాన్ని తాకలేదు, అది గుమ్మం దాటలేదు. కానీ పొద్దున నమాజు అవ్వగానే ఆమె నోటినించి వచ్చే మొదటి మాట, "పొడిగా ఉందా?"

పొడిగా ఉంటోంది. సంక్రాంతి వెళ్ళి మిరపకాయ యార్డుకి రావడం మొదలయ్యేసరికి, బోను కడిగి ఎన్నాళ్ళయిందో బుడేకి గుర్తులేదు. ఎంతసేపైనా ఓర్చుకుని, తలుపు గీకి, ఎత్తుకునే పనిలేకుండా తనే సందు దాటి నల్లమట్టిలోకి పరిగెత్తేది. ఇటుకల మీద గానీ సిమెంటు మీద గానీ ఒక్క చుక్క పోసేది కాదు.

ఆ రోజుల్లోనే కోటేషు మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆడపిల్ల పుట్టింది. ఫాతిమా రెండు చేతులూ ఎత్తి బిడ్డకి మంచి జరగాలని కోరింది. బుడే ఆగలేకపోయాడు.

"ఒరేయ్ కోటేషూ, నేర్చుకుందిరా! ఇక బోనులో చెయ్యదు. అఖిలకి చెప్పు."

కోటేషు మొహం కిందికి వాల్చాడు. "అదే చెబుదామని వచ్చా బాబాయ్. పసిబిడ్డ ఉన్న ఇంట్లో కుక్కేందని మా అత్త ఒప్పుకోవట్లా. అఖిల కూడా ఇప్పుడు వద్దంటోంది. గుంటూరు రోడ్డులో మిరపకాయల గోడౌను శివరామకృష్ణ గారు లేరా, ఆయన కుక్క కావాలని చాన్నాళ్ళుగా అడుగుతున్నాడు. మాటిచ్చేశా. మధ్యాహ్నం ట్రాలీ ఆటో వచ్చిద్ది."

"ఇవాళేనా?"

"ఏం బాబాయ్, పీడా వదిలిద్దిగా నీకు. ఇన్నాళ్ళూ నిన్ను చాలా ఇబ్బంది పెట్టా."

బుడే నోరు తెరిచాడు. దీన్ని నేనే ఉంచుకుంటాలే అన్న మాట గొంతులో ఉంది. ఫాతిమా వంక చూశాడు. ఆమె మిఠాయి డబ్బా వంక చూస్తోంది. కుక్క తనది కాదు, ఇల్లు ఒక్కడిది కాదు. "ఇబ్బందేముందిలేరా," అన్నాడు.

ఆటో వచ్చింది. బోనుతో సహా ఎక్కించారు. డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. బూరుగు తీగల సందులోంచి బుడేనే చూస్తూ, ముందుకాలు ఎత్తి బోను తలుపుని గీకింది. గీకి ఆగి, మళ్ళీ గీకింది.

"ఒరేయ్, ఆపరా! దానికి వచ్చింది, ఒక్క నిమిషం దించరా!" అంటూ బుడే వెనకే పరిగెత్తాడు. యార్డుకి పోయే మిరపకాయ లారీల హారన్లలో ఆయన కేక ఎవరికీ వినపడలేదు. ఆటో లారీల మధ్యలోకి దూరిపోయింది. ఒక చెప్పు రోడ్డు మీద ఊడిపోతే, దాన్ని తీసుకోవడానికి ఆగాడు.

రాత్రి ఇద్దరూ అన్నం తిన్నారు. చెయ్యి కడుక్కునేటప్పుడు ఫాతిమా అంది, "ఉంచుకుంటానని ఎందుకనలేదు?"

బుడే తెల్లబోయాడు. "నువ్వు వద్దంటావని."

"ఇంట్లోకి వద్దన్నా. కొట్టుకి కాపలా కుక్క ఉంటే మనలో తప్పులేదని మొన్న నజ్మీన్ అత్తగారిని కూడా అడిగి తెలుసుకున్నా. నువ్వు అడుగుతావేమోనని చూశా. నువ్వు అడగలా."

బుడే చెయ్యి తుడుచుకుని, బోను ఉండిన వసారాలోకి వెళ్ళాడు.

ఆగలేక, ఆ వారంలోనే ఒక పొద్దున మోపెడ్ మీద గోడౌనుకి వెళ్ళాడు. చుట్టూ ఎత్తు గోడ, ఇనప గేటు, లోపల మొత్తం సిమెంటు గచ్చు. మిరపకాయ టిక్కీ బస్తాల ఘాటుకి గేటు బయటే తుమ్ములొచ్చాయి. అక్కడి పనివాడు బాలస్వామి ధూళిపాళ్ళ బస్సు దిగి వచ్చి అప్పుడే తాళం తీస్తున్నాడు. బుడే తనెవరో చెప్పుకుంటే లోపలికి రానిచ్చాడు.

బూరుగు గొలుసు మీద ఎగిరెగిరి పడింది. బాలస్వామి గొలుసు విప్పాడో లేదో, బుడే దగ్గరికి కూడా రాకుండా గేటు బయటికి దూసుకుపోయి, రోడ్డు పక్క మట్టిలో వంగింది. అది పోస్తూనే ఉంది, ఎంతకీ ఆగలేదు. అయ్యాక గానీ తిరిగి వచ్చి బుడే కాళ్ళ మీద పడలేదు.

"రోజూ ఇంతేనండీ," అన్నాడు బాలస్వామి. "సాయంత్రం నేను గేటేసి పోయేది మొదలు మళ్ళీ నేనొచ్చిందాకా బిగబట్టుకు కూచుంటది. తెల్లారుజామున ఏడుస్తుందంట, పక్క మిల్లువాళ్ళు చెప్పారు. గేటువైపు తిరిగి నేల గీకుతా ఉంటది. ఇంత గచ్చుందిగదా, ఒక మూల పోసుకోవచ్చుగా? పోయదు. ఎవరు నేర్పారో దీనికి."

నేనే నేర్పానని బుడే చెప్పలేదు. దాని కాళ్ళ గోళ్ళు చూశాడు. ముందుకాళ్ళవి అరిగి, ఒకదానికి నెత్తురు గడ్డకట్టి ఉంది.

శివరామకృష్ణ గారు కారు దిగి వచ్చేదాకా అక్కడే కూచున్నాడు. ఆయన మర్యాదస్తులే. కుర్చీ వేయించారు, టీ తెప్పించారు.

"ఏం బుడే, కుక్క మీద బెంగా?"

"అవునండీ. మీకు అభ్యంతరం లేకపోతే తిరిగి ఇస్తారేమోనని. కొట్టుకి కాపలాగా..."

"అయ్యో, ముందే అనుంటే వేరు. ఇప్పుడు మా పిల్లలు ఆదివారమైతే దీనికోసం ఇక్కడికే వస్తున్నారు. టైగర్ అని పేరు కూడా పెట్టారు. ఇచ్చేశానంటే ఊరుకుంటారా? నువ్వు ఇంకోదాన్ని చూసుకో."

"పోనీ తెల్లవారగానే ఎవరన్నా ఒకసారి బయటికి వదిలితే బాగుంటదండీ. బిగబట్టుకుంటోంది పాపం."

"బయటికెందుకయ్యా, ఇంత గచ్చు దానిదేగా! బాలస్వామి వచ్చేదే మొదటి బస్సుకి. నేను నరసరావుపేట నించి రావాలి. తాళం ఇంకొకరికి ఇవ్వను, లోపల సరుకెంతుందో నీకు తెలుసు."

"మూలనొక తట్ట మట్టి పోయనిస్తారా? మట్టయితే చేసిద్దండీ."

శివరామకృష్ణ గారు తల అడ్డంగా ఊపారు. "కాయలో మట్టి కలిసిందంటే కొనేవాడు బస్తా ముట్టడు. అది మాత్రం అడక్కు."

ఇక అడగడానికేం లేదు. బుడే లేచి నిలబడి, "పోనీ రోజూ పొద్దున కాసేపు వచ్చి దీనికి ఇక్కడే పోసుకోవడం అలవాటు చెయ్యమంటారా?" అన్నాడు.

"నీకంత ఓపికుంటే చెయ్యి," అన్నారాయన, నవ్వుతూ.

ఆ మర్నాటినించీ బాలస్వామి గేటు తీసే వేళకి బుడే అక్కడుండేవాడు. గేటు మూయించి, బూరుగుని గొలుసుతో గచ్చు చివరికి, గోడ వారకి తీసుకెళ్ళేవాడు. "ఇక్కడే నాయనా. కానియ్, కానియ్," అనేవాడు. ఆ మాట వినగానే బూరుగు చెవులు రిక్కించి, తోకాడించి, గేటు దగ్గరికి పరిగెత్తేది. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి ఆయన వంక చూసేది. ఆ మాటకి అర్థం నల్లమట్టి అని, తను హాయిగా ఊపిరి తీసుకునే ఆ ఖాళీ స్థలమని దానికి తెలుసు. ఆయనకేమయిందో, ఎందుకు మర్చిపోయాడో మాత్రం దానికి అర్థమయ్యేది కాదు. బుడే మళ్ళీ వెనక్కి లాక్కొచ్చేవాడు. మళ్ళీ పరిగెత్తేది. చివరికి దాని మూలుగు వినలేక ఆయనే గేటు తీసేవాడు. అది బయటికి దూకి, పోసుకుని, బిస్కెట్టు కోసం వచ్చి ఆయన ముందు కూచునేది. పద్ధతి ప్రకారం బిస్కెట్టు దానికి రావాలి. ఇచ్చేవాడు.

ఇంటికొస్తే ఫాతిమా వాకిట్లో కాళ్ళమీద నీళ్ళు పోస్తూ అడిగేది. "చేసిందా?"

"లేదు."

"ఎట్టా చేసిద్ది? అప్పుడంత బతిమాలి నేర్పి ఇప్పుడు కాదంటే."

ఒకరోజు మధ్యలో పెళ్ళి పరుపులు తొందరయి వెళ్ళడం కుదరలేదు. రెండో రోజు కూడా కుదరలేదు. మూడో రోజు పొద్దున ఏకిన దూది గుడ్డలోకి ఎత్తుతుంటే బాలస్వామి ఫోను చేశాడు.

"శుభవార్తండీ బుడే గారూ. ఇవాళ వచ్చేసరికి లోపలే పోసేసుకుంది."

"గచ్చు మీదా?"

"గచ్చు మీద కాదండీ, పడుకున్న గోనె మీదే. దొడ్డికి కూడా దాంట్లోనే. ఇక మీరు రోజూ ఇంత దూరం రావక్కర్లేదు."

"మంచిది," అన్నాడు బుడే.

ఫోను పెట్టేశాక ఆ మాట ఫాతిమాకి చెప్పాడు. తను కోరుకున్నదే జరిగింది. ఇక అది తెల్లారిందాకా ఏడవదు, గోళ్ళు అరగదీసుకోదు. అది మంచిదే. ఫాతిమా చేట పక్కన పెట్టి, "తోక అదీ కడిగారంటనా?" అని అడిగింది. ఆ సంగతి తను అడగనేలేదని అప్పుడు గుర్తొచ్చింది బుడేకి.

ఆ మధ్యాహ్నం బజారుకి వెళ్ళి పొడుగాటి గొలుసొకటి కొన్నాడు. పడుకున్న చోటినించి కాస్త అవతలికన్నా నడిచే వీలుంటుందని. మర్నాడు పొద్దున అది పట్టుకుని గోడౌనుకి వెళ్ళాడు. శివరామకృష్ణ గారు గొలుసుకి అభ్యంతరం చెప్పలేదు. బుడే పాత గొలుసు విప్పి కొత్తది తగిలించాడు. బకెట్టు నీళ్ళు తెచ్చి బూరుగు పాదాలూ పొట్టా తోకా కడిగాడు, గోనె ఉతికి గోడ మీద ఆరేశాడు. ఆయన్ని చూడగానే గేటువైపు పరిగెత్తుతుందేమోనని చూశాడు. అది పరిగెత్తలేదు. తడి ఒళ్ళు దులుపుకుని, ఆయన పక్కనే గచ్చు మీద పడుకుంది.